చిన్న అక్షరాలు

నలభై ఏళ్లు ఫెరారాలో ఒక అచ్చాఫీసులో
తప్పులు పట్టి బతికినవాణ్ణి.
ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో, ఆరో వరసలో,
భూతద్దం పట్టుకుని
రొట్టె పొట్లాల వీపులు చదువుతున్నాను.

ముందువైపు ఎవడైనా చదువుతాడు.
అక్కడ పొలం, ఎండ, నవ్వే పిల్ల.
వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో అసలు సంగతి:
మొక్కజొన్న గంజిపొడి, బంగాళదుంప గంజిపొడి,
పొద్దుతిరుగుడు నూనె, చక్కెర,
కింద ఇంకో పేరు పెట్టుకుని మళ్లీ చక్కెర.
గోధుమ లేదు. నిజమే.
గోధుమ ఖాళీ చేసిన ఇంట్లోకి
నూనె కాపురానికొచ్చింది.

మా ఎర్సీలియా పియానోలు శ్రుతి చేస్తుంది.
నిరుడు ఆమె చేతి గడియారం మోచేతి దాకా జారేది.
ఏం తిన్నా ఒంటికి పట్టేది కాదు.
డాక్టర్ పవనెల్లి జబ్బు పేరు చెప్పి
గోధుమనీ బార్లీనీ రైనీ
ముగ్గుర్నీ మా గడప దాటించాడు.
పేగు కోలుకుంది.
"శుభవార్త! ఇకనుంచి తిన్నదంతా పడుతుంది" అన్నాడు.
పట్టింది.
పది నెలల్లో పదకొండు కిలోలు.
పెడళ్లు చూడ్డానికి పియానో కిందికి వంగితే
లేవడానికి ఇప్పుడు స్టూలు సాయం కావాలి.
"ఎముకలు కనిపించినప్పుడు జాలిపడ్డారు,
కండ పట్టాక సలహాలిస్తున్నారు" అంటుంది.

నా రొట్టె నేను మెట్లమీద నిలబడి తింటాను.
మా ఊరి మెలిరొట్టె, నాలుగు కొమ్ములది.
రజను ఒక్కటి ఇంట్లో రాలకూడదు.
తిన్నాక చేతులు కడిగి, మీసం కడిగి,
ఆ తర్వాతే ముద్దు.

మొన్న దొరికిందనుకున్నాను.
"తేలిక" అని ఆకుపచ్చటి అక్షరాలు,
ముక్కకి యాభైమూడు కేలరీలే!
పొగమంచులో సైకిలు గంట కొట్టుకుంటూ
ఇంటిదాకా ఒక్క బిగిన తొక్కాను.
బల్లమీద పెట్టి మళ్లీ చదివాను.
పాత అలవాటు, రెండో ప్రూఫు.
ముక్క అంటే ఇరవై గ్రాములట.
వెలుగుకి ఎత్తిపడితే
అవతలి కిటికీ కనిపించింది.
వాళ్లు తగ్గించింది కేలరీలను కాదు, ముక్కని.
ఎర్సీలియా దాన్ని కంటికి అడ్డంపెట్టుకుని చూసి
"టుల్లియో, ఇందులోంచి నువ్వు
పెళ్లినాటికన్నా బావున్నావు" అంది.

అప్పటినుంచి వంటింట్లో మేమే అచ్చు వేస్తున్నాం.
బక్‌వీట్ పిండి. పేరులో గోధుమ, గింజలో లేదు,
లోకం దిద్దకుండా వదిలేసిన అచ్చుతప్పు.
అందులో ఇసబ్‌గోల్ పొట్టు, ఉప్పు,
పిండికన్నా ఎక్కువ నీళ్లు
(నీళ్లకి కేలరీలుండవని నేనే లెక్కతేల్చాను).
మొదటి రొట్టె ఇటుక.
రెండోది ఆ ఇటుకకి తమ్ముడు.
మూడోదాన్ని కోస్తే
కత్తికి తడి మట్టి రంగు అంటింది,
నమిలితే దవడకి పని దొరికింది.
ఎర్సీలియా రెండో ముక్క అడగలేదు.
నచ్చక కాదు,
సరిపోయి.

ఎర్రపప్పు పాస్తాది వేరే కథ.
పొంగి స్టవ్వంతా నురగ.
కేలరీల్లో మామూలు పాస్తాకి ఏమీ తీసిపోదు,
కానీ కడుపు ముందే చాలంటుంది,
మనసు మాత్రం బియ్యప్పిండి పాస్తా కావాలంటుంది.

నిన్న రాత్రి మనసే గెలిచింది.
తూకంమీద గిన్నె. అరవై గ్రాములని ఒప్పందం.
ఆమె కిటికీకేసి చూస్తూ ఒంపింది.
పొట్లం ఎత్తేసరికి డెబ్భైనాలుగు.
నాకేసి తిరిగింది, చూశానా అని.

చూశాను.
నలభై ఏళ్లలో మొదటిసారి
మార్జిన్‌లో గీత గీయలేదు.
నీళ్లు మరుగుతున్నాయి,
ఉప్పు వెయ్యి, అన్నాను.